పటం వెనుక డబ్బా

లాల్ దర్వాజ గల్లీలో వైకుంఠం కోవా దుకాణానికి బోర్డు లేదు. పొద్దున ఏడింటికి కడాయి పొయ్యెక్కిందంటే ఇగిరే పాల వాసనే మలుపు దాకా వెళ్లి గిరాకీని చెయ్యి పట్టి లాక్కొచ్చేది. వైకుంఠం అయిదో తరగతి తప్పిన రోజునే తండ్రి సీతారాం బడి సంచీ అటక మీద పారేసి గరిటె చేతికిచ్చాడు. "సదువుకున్నోడు పుస్తకం సదువుతడు. నువ్వు పాలు సదువు," అన్నాడు. వైకుంఠం చదివాడు. నురగ చూసి బర్రె ఏం మేసిందో చెప్తాడని గల్లీలో అనుకునేవాళ్లు. ఆ మాట అబద్ధమే గానీ వైకుంఠం ఎన్నడూ కాదనలేదు.

సీతారాం నేర్పిన విద్యలో ఒక్కటి మాత్రం నోటితో చెప్పేది కాదు. ఎండాకాలం మధ్యాహ్నానికి పాలలో పులుపు చేరుతుంది. అవి పొయ్యెక్కితే విరుగుతాయి. విరిగితే ఆ రోజు కోవా లేదు. దానికి మందు దుకాణంలోని లక్ష్మీదేవి పటం వెనుక ఒక రేకు డబ్బాలో ఉండేది. తినే సోడా. కడాయికి రెండు చిటికెలు వేస్తే పులుపు చచ్చి, పాలు కిక్కురుమనకుండా కాగేవి.

"నీళ్లు కలిపినవా అంటె కలిపిన అని ఒప్పుకో, ఏం గాదు, అందరు కలుపుతరు. పటం ఎనుకదాని ముచ్చట మాత్రం గిరాకికి చెప్పకు, సర్కారోళ్లకు చెప్పకు, కట్టుకున్నదానికి గూడ చెప్పకు," అన్నాడు సీతారాం. చచ్చేదాకా దాన్ని పేరు పెట్టి పిలవలేదు. వైకుంఠం కూడా పిలవలేదు.

డెబ్బై నాలుగో సంవత్సరం ఉగాది నాటికి వైకుంఠం కూతురు కౌసల్యకు ఆరేళ్లు. పండగ పొద్దున లేచేసరికి పిల్ల కనురెప్పలు ఉబ్బి ఉన్నాయి. మధ్యాహ్నానికి తగ్గాయి. మర్నాడు మళ్లీ ఉబ్బాయి. వారం తిరిగేసరికి బుగ్గలు నిండాయి.

"పొల్ల ఒళ్లు జేసింది వైకుంఠం భాయ్, అంత కోవా దానికే పెడుతున్నవా ఏంది?" అని గిరాకీలు నవ్వారు. వైకుంఠానికి ఆ మాట తియ్యగానే ఉండింది. భార్య విమలాదేవి మాత్రం నవ్వలేదు. పిల్ల కాలి మీద వేలు పెట్టి నొక్కి చూపింది. గుంట పడింది. పడిన గుంట లేవలేదు.

గల్లీలో సూదిమందు వేసే అంజన్‌ని అందరూ డాక్టరనే పిలిచేవాళ్లు. అతను రక్తం తీయించి, సన్న గాజు గొట్టంలో నిలబెట్టే పరీక్ష చేయించాడు. గంటలో ఎర్రది ఎంత కిందికి దిగితే ఒంట్లో అంత రోగమున్నట్టు. ఇరవై లోపు దిగాల్సింది నూట అయిదు దిగింది. "ఇంక అడిగేదేమున్నది? టీబీ," అన్నాడు అంజన్. నలభై రోజులు నలభై సూదులు. పిల్ల పిర్రలు గట్టిపడిపోయి పక్కకి తిరిగి పడుకునేది. వాపు మాత్రం కాళ్ల నుంచి కడుపుకెక్కింది.

అప్పుడు సర్కారు దవాఖానకు తీసుకెళ్లారు. అక్కడి పిల్లల డాక్టరమ్మ పేరు బాలత్రిపురసుందరి. కోస్తా నుంచి వచ్చి సైదాబాద్‌లో ఇల్లు కట్టుకున్న మనిషి. ఆమె "ఏవండీ, ఇలా రండి" అనగానే వైకుంఠానికి ఒంట్లో ఏదో గుచ్చుకున్నట్టయింది. ఆ యాస వినపడితే చాలు, మన కుర్చీలన్నీ వీళ్లే గుంజుకున్నరు అనుకోవడం ఆ ఏళ్లలో గల్లీలో అందరికీ అలవాటే. కానీ ఆమె అంజన్ కాగితాన్ని ఒక్క చూపు చూసి పక్కన పెట్టింది.

"ఇది టీబీ కాదండీ. మూత్రపిండాలు వడపోత గుడ్డలాంటివి. మీ పాప గుడ్డకి కంతలు పడ్డాయి. ఒంట్లో నిలవాల్సిన ప్రొటీన్, అంటే గుడ్డు తెల్లసొనలో ఉండే సరుకులాంటిది, మూత్రంలో కారిపోతోంది. అది పోతే నీరు ఒంట్లో పడుతుంది. రక్తం కిందికి దిగే అంకె కూడా పెరుగుతుంది. ఆ అంకె రోగం ఉందని చెప్తుంది. ఏ రోగమో చెప్పదు."

తర్వాత ఆమె గాజు నాళికలో పిల్ల మూత్రం పోసి, స్పిరిట్ దీపం మీద పైసగం కాచింది. పసుపు రంగు నీరు చూస్తుండగానే మబ్బు పట్టి, తరకలు తరకలుగా తెల్లబడింది. ఆపైన పుల్లటి మందు మూడు చుక్కలు వేసింది. తెలుపు అలాగే నిలిచింది.

"విరిగింది," అన్నాడు వైకుంఠం.

"అంతే. రోజూ పొద్దున మొదటి మూత్రం ఇలా కాచి చూడాలి. నాళిక, ఈ మందు సీసా ఇచ్చి పంపుతాను, చుక్కలు మాత్రం మరిచిపోకండి. ఏం కనపడిందో పుస్తకంలో రాయండి. వరసగా మూడు రోజులు తెల్లబడితే వెంటనే పాపని తీసుకురండి. ఉప్పు బొత్తిగా వద్దు. చెయ్యగలరా?"

"ఇది నా పనే డాక్టరమ్మా. పుట్టిన కాంచి ఇదే జేస్తున్న."

"అయితే మా కుర్ర డాక్టర్ల కంటే మీరే నయం," అని ఆమె నవ్వింది. ఆ నవ్వు వైకుంఠం మనసులో చాలా రోజులు నిలిచింది. చదువుకున్న మనిషి అతని చేతిపనిని మెచ్చుకోవడం అదే మొదటిసారి.

డాక్టరమ్మ రాసిచ్చిన మాత్రలు పని చేశాయి. పద్నాలుగో రోజు పొద్దున నాళికలో నీరు కాగి, మబ్బు పట్టకుండా అలాగే ఉంది. వైకుంఠం దాన్ని వెలుతురుకు పెట్టి చూసి, విమలను కేకేశాడు. ఏడో తరగతి చదివిన విమల రూళ్ల పుస్తకంలో తారీఖు వేసి, పక్కన "సాఫ్" అని రాసింది. వాపు దిగింది. కౌసల్య మళ్లీ ఎముకలు కనపడే పిల్లయింది. మాత్రల మూలంగా ముఖం ఒక్కటే గుండ్రంగా మిగిలింది.

ఆషాఢంలో పిల్లకు జలుబు చేసింది. మూడో నాడు నాళిక తెల్లబడింది.

వైకుంఠం దాన్ని కడిగేసి మళ్లీ కాచాడు. మళ్లీ తెల్లబడింది. విమల పుస్తకంలో "తెలుపు" అని రాసింది. రాస్తూ తలెత్తలేదు.

"ఎల్లుండి గూడ గిట్లనే ఉంటె దవాఖానకు పోదాం," అంది.

"పోతె ఏం జేస్తది? మాత్రలు రెండింతలు జేస్తది. ఇప్పటికే ముఖం చూసినవా, గుమ్మడికాయ లెక్క? చెంపల మీద వెంట్రుకలొస్తున్నయ్. గల్లీల పోరగాండ్లు దాన్ని 'మోటీ' అని ఏడిపిస్తున్నరు."

"ఏడిపిస్తె ఏడిపియ్యని. పాణం ఉంటె చాలదా?"

వైకుంఠం నాళిక కడిగి పెట్టి దుకాణానికి వెళ్లాడు. దుకాణంలో కడాయి ముందు కూర్చుని ఆ రోజంతా దాని గురించే ఆలోచించాడు. విరగడమంటే ఏమిటో అతనికి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? ముందుగా ఆ పుల్లటి చుక్కలు గుర్తొచ్చాయి. పులుపు వేస్తే మంచి పాలే విరుగుతాయి, ఇక అది విరగకేం చేస్తుంది? డాక్టరమ్మ చదువుకుంది గానీ పాలు కాచిన మనిషి కాదు. మధ్యాహ్నం ఇంటికెళ్లి చుక్కలు వెయ్యకుండా మళ్లీ కాచాడు. అయినా తెల్లబడింది.

దుకాణానికి తిరిగొచ్చాక అతని చూపు పటం వైపు వెళ్లింది.

అతను ఎవరినీ మోసం చెయ్యాలనుకోలేదు. మోసమే అయితే కొంత నయం. మోసం చేసినవాడికి కనీసం తాను చేసేదేమిటో తెలిసుంటుంది. వైకుంఠం తన బిడ్డ ఒళ్లు విరిగిపోతోందనుకున్నాడు. విరగకుండా ఆపే విద్య తన చేతిలో ఉందనుకున్నాడు. ఆ సాయంత్రం మజ్జిగలో చిటికెడు కలిపి పిల్లకిచ్చాడు. పొద్దున తెలుపు కాస్త పలచబడింది. ఆ రోజు నుంచి చిటికెడు కాస్తా అరచెంచా అయింది, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. చుక్కల సీసా మళ్లీ ముట్టలేదు; విమలను పిలిచేది నాళిక కాగాకే.

"బాపూ, మజ్జిగ సబ్బు లెక్క ఉన్నది," అంది కౌసల్య.

"మందు బిడ్డా. తాగు."

"డాక్టరమ్మ ఇచ్చిందా?"

"మీ తాత ఇచ్చిండు. అమ్మకు చెప్పకు. ఎవ్వలు అడిగినా చెప్పొద్దు, ఏం లేదనాలె. చెప్తె మందు పని జెయ్యదు."

పిల్ల తల ఊపి ముక్కు మూసుకుని తాగింది.

రెండో నాటికల్లా నాళికలో నీరు గాజులా నిలిచింది. దవాఖానకు పోవాల్సిన మూడో తెలుపు రానే లేదు. విమల "సాఫ్" అని రాసి, ఆ పుస్తకాన్ని కళ్లకద్దుకుంది. వైకుంఠం ఆ రోజు గిరాకీలకు తూకం మీద ఇంత ఎక్కువే వేశాడు. సాఫ్, సాఫ్, సాఫ్. ఒక పేజీ నిండి రెండో పేజీలోకి వచ్చింది. ఇరవై రెండు రోజులు. పిల్ల కళ్ల కింద మళ్లీ నిండినట్టు విమలకు అనిపించింది. "మాత్రల ఉబ్బు," అన్నాడు వైకుంఠం. దవాఖానకు వెళ్తే డాక్టరమ్మ కూడా ముఖం చూసి అదే అనుకుంది. నెలనాళ్లుగా పొల్లు పోకుండా రాసిన పుస్తకం, చూసింది పాలు కాచే చేతులు. ఆమె ఎందుకు నమ్మదు? మళ్లీ కాచి చూడలేదు.

"చాలా బాగా చూస్తున్నారమ్మా. మాత్రలు తగ్గిద్దాం," అని చీటీలో రోజు విడిచి రోజు అని మార్చింది.

తొమ్మిదో రోజు కౌసల్య కడుపు కుండలా బిగిసింది. వాంతులయ్యాయి. ఒళ్లు కొద్దిగానే వెచ్చగా ఉంది. తెల్లారగానే రిక్షా పిలిచారు. పెద్ద రోడ్డు తవ్వేశారని రిక్షావాడు ధూల్‌పేట్ మీదుగా తిప్పాడు. చవితి దగ్గర పడుతోంది. వాకిళ్ల నిండా రంగు పడని వినాయకులు ఆరుతున్నాయి. ఒకడు తడిమట్టి ముద్దను విగ్రహం బొజ్జకు అంటించి చేత్తో చరుస్తున్నాడు.

"బాపూ, నా కడుపుగూడ గట్లనే ఉన్నది గదా. నన్ను గూడ అమ్ముతరా?" అంది తల్లి ఒళ్లో నుంచి.

విమల కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వైకుంఠం రిక్షావాడిని తిట్టాడు, ఊరికే.

వార్డులో డాక్టరమ్మ పిల్ల కడుపు మీద చెయ్యి వేసింది. పిల్ల అరిచింది. సూదితో కడుపులోని నీరు తీసి చూస్తే పలచటి చీము. వెంటనే పెన్సిలిన్ మొదలుపెట్టారు. రక్తం అంకె నూట ముప్పై వచ్చింది. మూత్రం పరీక్ష ఆమె అక్కడే కిటికీ దగ్గర నిలబడి చేసింది. కాచింది. ఏం లేదు, పలచటి మసక. విమల ముఖం వెలిగింది. తర్వాత ఆమె పుల్లటి మందు వేసింది. ఒక చుక్క, రెండు, మూడు. మామూలుగా వేసేదానికంటే ఇంకో రెండు.

నాళిక అడుగు దాకా తెల్లగా గడ్డకట్టింది. ఆమె దాన్ని బోర్లించింది. ఒక్క బొట్టు కారలేదు.

వైకుంఠం ముప్పై ఏళ్లలో అంత గట్టిగా విరిగినది చూడలేదు. నాళిక దగ్గర నిలబడ్డప్పుడే అతనికి అంతా తెలిసిపోయింది. చదువు లేకపోవచ్చు గానీ పాల సంగతి ఎవరూ అతనికి విప్పి చెప్పనక్కర్లేదు. పులుపును చంపితే విరగదు. విరగనంత మాత్రాన మంచివి అయిపోవు. ఆ పాలు ఎంత పాతవో గిరాకీకి తెలియకుండా ఉండడానికే కదా డబ్బా పటం వెనుక ఉండేది.

మంచం పక్కన స్టూలు మీద, ఇంటి నుంచి తెచ్చిన మజ్జిగ గ్లాసు ఉంది. విమల దాన్ని పిల్ల నోటికి అందిస్తోంది. వైకుంఠం రెండంగల్లో వెళ్లి గ్లాసు లాక్కున్నాడు.

"ఏందయ్యా?"

"ఈగ పడ్డది," అని మోరీలో పారబోశాడు.

డాక్టరమ్మ పుస్తకం తిరగేస్తోంది. ఆమె గొంతు పెరగలేదు, అదే భయంగా ఉంది. "అమ్మా, ఇది రాసింది మీరేనా?"

"నేనే."

"ఈ నెల రోజులూ కాచి చూశారా, చూడకుండానే రాశారా? నిజం చెప్పండి, నేనేమీ అనను. పాప ఒంట్లో ప్రొటీన్ దాదాపు లేదు. ఇది రెండు మూడు రోజుల్లో అయ్యేది కాదు. ఒంట్లో ప్రొటీన్ లేని పిల్లకి చీముని తట్టుకునే శక్తి ఉండదమ్మా. ఈ పుస్తకం చూసే నేను మందు తగ్గించాను."

"దేవుని మీద ఒట్టు డాక్టరమ్మా. నా కండ్లతోని చూసి రాసిన. సాఫే ఉండె." విమల భర్త వైపు తిరిగింది. "చెప్పయ్యా, సాఫే ఉండె గదా?"

"ఉండె," అన్నాడు వైకుంఠం.

"చుక్కలు వేశారా?"

"ఏసినం," అన్నాడు అతనే.

"పాపకి మాత్రలు కాక వేరే ఏమైనా ఇచ్చారా? నాటు మందు, చూర్ణం?"

అతని నోరు తెరుచుకుంది. తండ్రి గరిటె పట్టుకుని ఎదురుగా నిలబడ్డట్టే ఉంది. "ఏం ఇయ్యలే," అని నాలుక తనంతట తానే అనేసింది. పాల తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టర్లతో ఎన్నేళ్లుగానో అన్నట్టే, అదే గొంతుతో.

డాక్టరమ్మ విమలను ఒక చూపు చూసి వెళ్లిపోయింది. ఆ చూపుకు విమల స్టూలు మీద కూలబడింది. ఆ రోజంతా పుస్తకం ముందు పెట్టుకుని, "నా కండ్లకేమైనా అయిందా? తెల్లగున్నదాన్ని సాఫని రాసిననా?" అని గొణుగుతూనే ఉంది. పక్క మంచం ఆమె కూడా అప్పటికి విని ఉంది. "సదువొచ్చిన తల్లే గిట్ల జేస్తె ఇంక మాబోటోళ్ల సంగతేంది," అని ఎవరితోనో అంది. వైకుంఠం విన్నాడు. బయటికి వెళ్లి బీడీ కాల్చాడు.

రెండో రోజూ వాపు దిగలేదు. మూడో రోజు పొద్దున డాక్టరమ్మ వచ్చి, ఈసారి పెద్దవాళ్ల జోలికి రాలేదు. మంచం అంచున కూర్చుని కౌసల్య వేళ్లు పట్టుకుంది.

"బంగారూ, ఇంట్లో నాన్న నీకేం మందు ఇస్తారు?"

"తెల్ల మాత్రలు."

"ఇంకా?"

పిల్ల కళ్లు తండ్రి మీదికి తిరిగాయి. వాచిన రెప్పల సందులోంచి చాలాసేపు చూసింది. పెదాలు ఎండి ఉన్నాయి. వాటిని నాలుకతో తడుపుకుని, పెద్దమనిషిలా గంభీరంగా, "ఏం లేదు," అంది.

అది సీతారాం గొంతు. తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి బిడ్డకు ఆ దుకాణం నుంచి వచ్చిన ఆస్తి ఇదొక్కటే. పిల్ల దాన్ని చావు బతుకుల్లో కూడా జారిపోనివ్వలేదు.

"సోడా," అన్నాడు. ముప్పై ఏళ్లలో మొదటిసారి ఆ పేరు నోటితో పలికాడు. "తినే సోడా ఇచ్చిన డాక్టరమ్మా. పొద్దుమాపు అరచెంచా. పాలు విరగకుండ ఏస్తం, దుకాణంల పటం ఎనుక డబ్బాల పెడ్తం. చుక్కలు గూడ ఏస్తలేను. రాసినామెది తప్పు లేదు. ఆమెకు తెల్వదు. నిజంగనే సాఫ్ కనవడ్డది."

డాక్టరమ్మ పిల్ల వేళ్లు వదిలి లేచి నిలబడింది. "సోడా కూడా ఉప్పు జాతేనండీ," అంది. "నీళ్లని ఒంట్లో పట్టి ఉంచుతుంది. మూత్రంలోకి దిగి, కాచినా ప్రొటీన్ని గడ్డకట్టనివ్వదు. పోవడం ఆగలేదు. పోతున్నది కనపడకుండా అయింది, అంతే."

"ఇప్పుడు చెప్పిన గదా. ఇప్పుడు ఏమన్న..."

ఆమె చీటీ మీద ఏదో రాసుకుంది. మందు మార్చలేదు. మార్చడానికేమీ లేదు, చేయాల్సినవన్నీ మొదటి రోజు నుంచే చేస్తోంది. విమల వైపు తిరిగి, "నన్ను క్షమించండమ్మా," అంది.

విమల ఆ మాట విన్నట్టు లేదు. భర్తనే చూస్తోంది. తిట్టలేదు. తిడితే బాగుండునని వైకుంఠం అనుకున్నాడు.

అయిదో రోజు మధ్యాహ్నం, వార్డులో పాలు పంచే వేళకు, కౌసల్య చనిపోయింది. మజ్జిగ కావాలా అని తల్లి అడిగితే వద్దని తల ఊపింది. అదే ఆఖరు.

దినాలు ముగిశాక పన్నెండో నాడు వైకుంఠం దుకాణం తెరవడానికి చెప్పులు వేసుకుంటుంటే, విమల వంటింటి గడప మీద కూర్చుని ఏదో రాస్తోంది. తొంగి చూశాడు. అదే రూళ్ల పుస్తకం. ఆషాఢం జలుబు తర్వాత తన చేత్తో రాసిన ఒక్కో "సాఫ్" మీద గీత పెట్టి, పక్కన "సోడా" అని రాస్తోంది. తారీఖు, గీత, సోడా. తారీఖు, గీత, సోడా. తొందరేం లేదు, గుండ్రటి అక్షరాలు. బడిలో చూసిరాత రాసినట్టు.

"ఇంకెందుకే అది?" అన్నాడు.

"తప్పు రాసిన గదా," అంది తలెత్తకుండా. "దిద్దుతున్న."

చివరి గీత అయ్యేదాకా అతను నిలబడ్డాడు. ఆమె సిరా ఆరేదాకా ఊది, పుస్తకం మూసి అతని చేతిలో పెట్టింది.

"పటం ఎనుక పెట్టుకో."

దుకాణంలో పొయ్యి రాజేసేసరికి ఎండ ఎక్కింది. పాలవాడు నిన్నటివి కలిపి పోశాడో ఏమో, ముక్కు దగ్గర పెట్టుకుంటే పులుపు తగులుతోంది. కడాయి కాగడం మొదలైంది. అరుగు మీద ఇద్దరు గిరాకీలు కూర్చున్నారు. వైకుంఠం చెయ్యి అలవాటుగా పటం వెనక్కి వెళ్లింది. డబ్బాకు ముందు పుస్తకం అట్ట తగిలింది.

చెయ్యి అక్కడే ఉంది. కడాయిలో పాలు అంచుల దగ్గర గింజకట్టడం మొదలుపెట్టాయి.

"అరే వైకుంఠం భాయ్, ఏం జూస్తున్నవ్? పాలు పోతున్నయ్!" అన్నాడు అరుగు మీద ఒకతను.

"పోనియ్," అన్నాడు వైకుంఠం.